ఓడిన యేటి లెక్క

ఫలము కానరాని సంవత్సరమునకు విలువ యేమి? దున్నితిమి, విత్తితిమి, నీరు పెట్టితిమి. కాని కల్లమునకు గింజ చేరలేదు. అటువంటి యేడు వ్యర్థమైనదని తీర్పు చెప్పవలెనా? లేక ముందు రాబోవు పంటకు అది పునాది అని చెప్పి మనస్సును సమాధానపరచుకొనవలెనా? ఒకవేళ ఆ పంట మన జీవితకాలములో రానియెడల అప్పుడేమి చెప్పుదుము? ఈ ప్రశ్న ప్రతి కుటుంబమునకు, ప్రతి బడికి, ప్రతి సంఘమునకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగునదే. దీనిని గూర్చి ఆలోచించుటకు ఈ నెల మీ యెదుట ఒక చిన్న వస్తువును పెట్టుచున్నాను. అది దూరదేశపు వస్తువు, పైగా ఆటకు సంబంధించినది. ఆటలో మనము నేర్చుకొనదగినది యేమున్నదని మీరనవచ్చును. కొంచెము ఓర్పుతో చదువుడి.

అమెరికా దేశములో పెన్సిల్వేనియా రాష్ట్రమందు పిట్స్‌బర్గు అను పట్టణము కలదు. ఇనుము, ఉక్కు కొలుములకు అది పేరుపొందినది. ఆ పట్టణపు బేస్‌బాల్ జట్టు పేరు పైరేట్స్, అనగా ఓడదొంగలు. 1952వ సంవత్సరములో ఫోర్బ్స్ ఫీల్డు అను వారి మైదానమునకు ఆట చూడవచ్చినవారికి ద్వారమునొద్ద ఒక ప్రోగ్రాము పుస్తకమును అమ్ముచుండిరి. నేడు పాతవస్తువులు కూర్చువారు అటువంటి పుస్తకములను జాగ్రత్తగా దాచుకొనుచున్నారు. మన ప్రశ్న ఆ పుస్తకములోనే ఉన్నది.

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు. బేస్‌బాల్ మన మెరిగిన క్రికెట్టునకు దూరపు చుట్టము వంటిది. బంతి విసరువానిని పిచ్చరు అందురు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, మైదానపు మూలలయందున్న బేసులను వరుసగా చుట్టి, తాను బయలుదేరిన చోటికి తిరిగి రావలెను. ఆ చోటును వారు ‘హోమ్’ అనగా ఇల్లు అని పిలుతురు. ఇల్లు చేరినవానికి ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో ఆ జట్టు వంతు ముగియును. ఒక్కొక్క జట్టునకు తొమ్మిది వంతులు.

ఇక ప్రోగ్రాము పుస్తకము. అందులో కొంత అచ్చు, కొంత ఖాళీ. అచ్చువేసిన పుటలలో ఇరుజట్ల ఆటగాండ్ర పేర్లు, వారి చొక్కాలమీది అంకెలు, అంగళ్ల ప్రకటనలు ఉండును. ఖాళీ పుటలో గళ్లు గీచియుండును. చూచువాడు పెన్సిలు తీసికొని, ప్రతి ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు ఏమి చేసెనో ఆ గళ్లలో తానే వ్రాసికొనును. మైదానములోని తొమ్మిది స్థానములకు తొమ్మిది అంకెలు కలవు: పిచ్చరు 1, క్యాచరు 2, మొదటి బేసు కాయువాడు 3, ఇట్లు కుడివైపు చివర నిలుచువాడు 9. ఈ గురుతులు తెలిసినవాడు ఏబది యేండ్ల తరువాత ఆ కాగితమును చూచినను, ఏ బంతి ఎవరిచేతికి పోయెనో, ఎవరు పొరపడిరో, ఎవరు ఇల్లు చేరిరో చదువగలడు.

ఇందులో ఒక విశేషము గమనింపుడి. పేర్లను అచ్చువేయువానికి ఫలితము తెలియదు. గెలువబోవు జట్టు పేర్లు పెద్ద అక్షరములతోను, ఓడబోవు జట్టు పేర్లు చిన్న అక్షరములతోను వేయడు. అందరి పేర్లు ఒకే కొలత. ఫలితము పెన్సిలుతో తరువాత వ్రాయబడవలసినదే.

ఇప్పుడు ఆ యేటి సంగతి చెప్పెదను. 1952లో పైరేట్స్ జట్టు 154 ఆటలు ఆడెను. అందులో 42 గెలిచెను, 112 ఓడెను. ఎనిమిది జట్ల నేషనల్ లీగులో అది ఎనిమిదవది. మొదటి స్థానములోనున్న బ్రూక్లిన్ జట్టునకు 54 ఆటలన్నర వెనుక నిలిచెను. అంతే కాదు, ఏడవ జట్టునకు కూడ 22 ఆటలన్నర వెనుకనే ఉండెను. 1950లో ఆ పట్టణపు మైదానమునకు 11 లక్షలకు పైగా జనులు రాగా, 1952లో సుమారు 6 లక్షల 86 వేలమంది మాత్రమే వచ్చిరి. 1953లో, 1954లో, 1955లో కూడ ఆ జట్టు కడపటి స్థానమందే ఉండెను. నాలుగేండ్లు వరుసగా కడపటి స్థానము!

ఇది కేవలము దురదృష్టము కాదు. కొంతవరకు ఎరిగి ఎన్నుకొనిన మార్గము. దానిని ఎన్నుకొనినవాని పేరు బ్రాంచ్ రికీ. ఆయన 1881లో ఒహాయో రాష్ట్రములో మెథడిస్టు కుటుంబమున పుట్టెను. తలిదండ్రులు ఆయనకు వెస్లీ అను పేరు కూడ పెట్టిరి. ఆదివారమున ఆట ఆడనని ఆయన తల్లికి మాట యిచ్చెను. 1904లో సిన్సినాటి జట్టులో చేరినప్పుడు ఆ మాట నిలుపుకొనినందున ఆ చోటు పోగొట్టుకొనెను. తరువాత పెద్ద అధికారియై కూడ ఆదివారపు ఆటకు మైదానమునకు పోలేదు. అయితే ఆయన జట్లు ఆదివారమున ఆడుచుండెను, ఆ డబ్బు లెక్కలో చేరుచుండెను. దానినిబట్టి ఆయనను విమర్శించినవారు లేకపోలేదు. మనుష్యుని భక్తిలో అతుకుపడని కుట్లు ఉండునని ఇందువలన తెలియుచున్నది. ఈయనయే 1945లో నల్లజాతివాడైన జాకీ రాబిన్సన్‌తో ఒప్పందము చేసికొని, 1947 ఏప్రిల్ 15న ఆయన బ్రూక్లిన్ జట్టులో ఆడునట్లు చేసి, పెద్ద లీగులలో అరువది యేండ్లుగా నిలిచిన జాతిభేదపు గోడను పడగొట్టెను.

1950 చివర రికీ పిట్స్‌బర్గునకు వచ్చి ఆ జట్టు బాధ్యతను తీసికొనెను. అంతకుముందు సెయింట్ లూయిస్ పట్టణములో ఉన్నప్పుడు చిన్న ఊళ్ల జట్లను పెద్ద జట్టు క్రింద చేర్చి, పడుచువాండ్రను అక్కడ తరిఫీదు చేయు పద్ధతిని ఆయన పెంచియుండెను. అట్టి చిన్న జట్లను అమెరికావారు ‘ఫార్మ్’ అని పిలుతురు, అనగా వ్యవసాయపు చేను. ఆ పద్ధతినే ఆయన ఇక్కడను మొదలుపెట్టెను. పేరుపొందిన పెద్దవాండ్రను కొనుటకు బదులు, ఇరువది యేండ్లైనను నిండని పిల్లవాండ్రను కొందరిని తెచ్చి పెద్ద లీగులోనే నిలువబెట్టెను. వారు ఓడిరి. మరల ఆడిరి, మరల ఓడిరి. తిరిగి కట్టుకొను కాలమని నేటివారు దీనికి పేరు పెట్టుదురు. గోడ కట్టుటకు ముందు శిథిలములను తొలగింపవలెను గదా. తొలగించునప్పుడు చూచువానికి ధూళి మాత్రమే కనబడును.

మరి కట్టడము లేచినదా? లేచినది. 1952 జట్టులో బాబ్ ఫ్రెండ్ అను పిచ్చరు ఉండెను. ఆ యేడు అతడు 7 గెలిచి 17 ఓడెను. అదే యేడు జూన్ నెలలో డ్యూక్ విశ్వవిద్యాలయమునుండి డిక్ గ్రోట్ అను యువకుడు తిన్నగా వచ్చి చేరెను. 1952 డిసెంబరులో బ్రూక్లిన్ వారి క్రింది జట్టునుండి ఎల్‌రాయ్ ఫేస్‌ను తీసికొనిరి. 1954లో బిల్ మజెరోస్కీ అను బాలుడు సంతకము చేసెను. అదే 1954 నవంబరు 22న మరియొక సంగతి జరిగెను. ఇతర జట్ల క్రింది శ్రేణులలోనున్న ఆటగాండ్రను ఎంచుకొను దినమది. కడపటి జట్టునకు మొదటి ఎంపిక అను నియమముండెను. పైరేట్స్ కడపటివారు గనుక మొదట ఎంచుకొనిరి. ప్యూర్టోరికో ద్వీపవాసియైన 20 యేండ్ల రాబర్టో క్లెమెంటీని 4,000 డాలర్లకు తీసికొనిరి. కడపటి స్థానములో నిలిచిన అవమానమే ఆ ద్వారమును తెరచెను.

1960లో పైరేట్స్ 95 ఆటలు గెలిచి లీగులో మొదట నిలిచిరి. గ్రోట్ ఆ లీగులో అత్యుత్తముడైన ఆటగాడని ఎన్నికయ్యెను. 1952లో 17 ఓడిన ఫ్రెండ్ ఆ యేడు 18 గెలిచెను. న్యూయార్కు యాంకీసుతో వరల్డ్ సిరీస్ జరిగెను. ఏడు ఆటలలో యాంకీసు మొత్తము 55 పరుగులు, పైరేట్స్ 27 పరుగులు మాత్రమే చేసిరి. అయినను నాలుగు ఆటలు గెలిచినవారు పైరేట్సే. అక్టోబరు 13న ఏడవ ఆట కడపటి వంతులో మజెరోస్కీ బంతిని గోడ అవతలికి కొట్టగా, 10-9తో ఆ సిరీస్ ముగిసెను. రికీ 1955 తరువాత జనరల్ మేనేజరు పదవి విడిచెను. ఆ గెలుపు నాటికి ఆ స్థానమందున్నవాడు జో బ్రౌన్. విత్తినవాడొకడు, కోసినవాడు మరియొకడు.

ప్రియ చదువరులారా, ఇక్కడ ఆగి వ్యాసము ముగించిన యెడల మీరు సంతోషముగా పుస్తకము మూయుదురు. ‘ఓర్చుకొనుడి, పంట వచ్చును’ అని నీతి చెప్పి నేను కూడ తప్పించుకొనగలను. కాని అది సగము నిజము. సగము నిజము కష్టములోనున్నవానికి ఊతకర్ర కాదు, విరిగిన రెల్లు.

ఏలయనగా 1952 జట్టులో 1960ని చూడనివారున్నారు. రాన్ నెచ్చాయ్ అను పిచ్చరును గూర్చి వినుడి. 1952 మే 13న వర్జీనియా రాష్ట్రపు బ్రిస్టల్ ఊరిలో, చిన్న లీగు ఆటలో, 19 యేండ్ల ఈ బాలుడు తొమ్మిది ఇన్నింగ్సులలో 27 స్ట్రైకౌట్లు చేసెను. అనగా 27 మారులు ఎదుటివాని బ్యాటును ఓడించెను. జీతమునకు ఆడు బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో ఈ పని చేసినవాడు వేరొకడు లేడు. ఆగస్టులో అతనిని పిట్స్‌బర్గునకు పిలిచిరి. అక్కడ 12 ఆటలలో కనబడి, 1 గెలిచి, 6 ఓడెను. తరువాత సైన్యపు పిలుపు వచ్చెను. కడుపులో పుండు బాధించెను. పిమ్మట భుజము చెడెను. పెద్ద లీగులో మరల అతడు బంతి విసరలేదు. తిరిగి కట్టుకొను కాలమునకు అతడు తన చేతిని ఇచ్చెను. కట్టిన ఇంటిలో అతనికి గది లేకపోయెను.

మేనేజరు బిల్లీ మేయర్ సంగతి కూడ అట్టిదే. 1948లో ఆయన ఉత్తమ మేనేజరు అని ఒక ప్రముఖ క్రీడాపత్రిక గౌరవించెను. 1952లో 112 ఓటములను చూచి ఆ పని విడిచెను. 1957లో మరణించెను. గెలుపునకు ఇంకను మూడేండ్లు ఉండెను. ఇక రాల్ఫ్ కైనర్ అను మహాబలుడైన ఆటగాడు. 1946 మొదలు 1952 వరకు ఏడేండ్లు వరుసగా లీగులో అందరికంటె ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడు, లేక ఆ లెక్కలో మొదటివారితో సమానముగా నిలిచినవాడు. జనులు ఆయనను చూచుటకే వచ్చుచుండిరి. ఆయన జీతమును తగ్గించిరి. 1953 జూన్ 4న పదిమంది ఆటగాండ్రు చేతులు మారిన ఒక ఒప్పందములో ఆయనను చికాగోకు పంపివేసిరి.

ఇప్పుడు మన ప్రశ్న పదునెక్కుచున్నది. 1960 గెలుపు 1952ను సమర్థించునా? సమర్థించును అంటిమా, ఆ యేటిలో పాటుపడినవారందరు ఎరువు మాత్రమే అని చెప్పినట్లగును. ఎరువు చేనికి మంచిదే. కాని మనుష్యుడు ఎరువు కాడు. ఒకవేళ మజెరోస్కీ కొట్టిన బంతి గోడకు ఇవతల పడి, యాంకీసే గెలిచిన యెడల, నెచ్చాయ్ పడిన కష్టము తక్కువదై యుండునా? ఎనిమిదేండ్ల తరువాతి ఒక బంతి ఎనిమిదేండ్ల క్రిందటి మనుష్యుని నమ్మకత్వమును ఎట్లు పెంచగలదు, ఎట్లు తగ్గింపగలదు? ఫలితము మారవచ్చును, జరిగిన విశ్వాస్యత మారదు.

ఆ జట్టువారే దీనికి ఒక సాక్ష్యము విడిచిరి. బిల్లీ మేయర్ చొక్కామీది అంకె 1. ఆ అంకెను ఇక మరెవ్వరికిని ఇయ్యరాదని వారు గౌరవముగా తీసివేసినది 1954లో. మరల చదువుడి: 1960లో కాదు, 1954లో. ఆ యేడు జట్టు 101 ఆటలు ఓడి మరల కడపటి స్థానములో నున్నది. మేనేజరుగా ఆయన లెక్కలో గెలుపులకంటె ఓటములే ఎక్కువ. పంట కనబడకముందే, పంట వచ్చునో రాదో తెలియకముందే, పాటుపడినవానికి మర్యాద చెల్లించిరి. ఇదే సరియైన క్రమము. గెలుపు వచ్చిన తరువాత పాతవారిని తలంచుకొనుట సులభము. ఓటమిలో నుండగానే తోటి పనివానికి గౌరవమిచ్చుట నీతి.

ఇంకొక ప్రశ్న ఉన్నది. కడపటివానికి మొదటి ఎంపిక దొరకుచున్నది గనుక, కావలెనని ఓడిన తప్పేమి? ఈ తలంపు పుట్టకుండ పోలేదు. 1965 నుండి కొత్త ఆటగాండ్ర ఎంపికలో కూడ వెనుకబడినవారికి ముందు వంతు ఇయ్యబడెను. కొన్ని జట్లు ఓటమినే మార్గముగా చేసికొనుచున్నవను సణుగుడు పెరుగగా, మొదటి వంతులకు చీట్లు వేయు పద్ధతిని పెట్టిరి. 2022 డిసెంబరులో మొదటిసారి ఆ చీట్లు తీసిరి. 2024లో చికాగో వైట్ సాక్స్ జట్టు 162 ఆటలలో 121 ఓడెను. 1900 తరువాత ఒక యేట ఇన్ని ఓటములు మరి యే జట్టునకు లేవు. గనుక ఇది పాతకాలపు ప్రశ్న మాత్రమే కాదు.

ఓటమిని సహించుట వేరు, ఓటమిని వాడుకొనుట వేరు. మొదటిది ఓర్పు. రెండవది మోసము; ఏలయనగా చూడవచ్చినవాడు డబ్బు చెల్లించినది నిజమైన ఆట కొరకు. 1952 జట్టులో పిల్లవాండ్రను ఎంచినవారికి ముందుచూపు ఉండవచ్చును. కాని బ్యాటు పట్టి నిలిచిన పిల్లవాడు ఆ బంతిని కొట్టవలెననియే నిలిచెను. ‘ఇది కట్టుకొను కాలము, నేను గట్టిగా ఆడనక్కరలేదు’ అని అతడు అనుకొనిన యెడల కట్టడమునకు మొదటి ఇటుకయే గుల్లయగును. రేపటి మేలు కొరకు నేటి పనిని నిర్లక్ష్యము చేయువాడు రేపటికి కూడ పనికిరాడు.

ఇందుకు హెచ్చరికగా మరియొక జట్టు చరిత్ర చూడుడి. హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు 2011, 2012, 2013 మూడేండ్లు వరుసగా నూరు ఆటలకు మించి ఓడెను, 2013లో 111. ఓర్పుతో కట్టుకొని 2017లో వరల్డ్ సిరీస్ గెలిచెను. ఎంత చక్కని కథ! కాని 2020 జనవరిలో లీగువారు విచారణ ఫలితము ప్రకటించిరి. 2017లో ఆ జట్టువారు ఎదుటి క్యాచరు చేయు రహస్య సైగలను కెమెరాతో పట్టి, చెత్తడబ్బామీద కొట్టి తమ బ్యాటుదారునికి తెలుపుచుండిరని తేలెను. 50 లక్షల డాలర్ల జరిమానా పడెను. మేనేజరును, జనరల్ మేనేజరును ఒక యేడు నిషేధించిరి. ఓడిన యేండ్లు వారిని అవమానపరచలేదు. గెలిచిన యేడు అవమానపరచెను. ఫలమునే కొలతగా పెట్టుకొనినవాడు ఫలము కొరకు ఏమైనను చేయును. అందుచేతనే ఓడిన యేటికి విలువ గెలిచిన యేటినుండి రావలెనని చెప్పుట అపాయకరమైన బోధ.

అట్లయిన ఆ విలువ ఎక్కడనుండి వచ్చును? దీనికి జవాబు ఆ ప్రోగ్రాము పుస్తకపు గళ్లలోనే వెదకుదము. లెక్క వ్రాయు నియమములలో మూడు సంగతులు నన్ను ఆలోచింపజేసినవి.

మొదటిది, తప్పును తప్పు అని వ్రాయుట. చేతికి వచ్చిన బంతిని జారవిడిచినవాని యెదుట దానికొక గురుతు కలదు. తన జట్టువాడని చూచువాడు దానిని మరుగుపరచిన యెడల ఆ లెక్క లెక్క కాదు. ఓడిన యేటిని గౌరవించుట అనగా దానిని పొగడుట కాదు. 112 ఓటములు 112 ఓటములే.

రెండవది, త్యాగమును త్యాగమని వ్రాయుట. ఆ ఆటలో ‘శాక్రిఫైస్’ అను పేరుగల ఒక పని ఉన్నది. తనవాడు బేసుమీద నిలిచియుండగా, బ్యాటు పట్టినవాడు బంతిని మెల్లగా తట్టి, తాను ఔటై, వానిని ఒక బేసు ముందుకు సాగనంపును. పేరు వచ్చునది ముందుకు సాగినవానికి, కూర్చుండవలసినది తట్టినవాడు. అయితే నియమము చూడుడి: ఆ ఔటును అతని బ్యాటు లెక్కలో చేర్చరు. అతని సగటు తగ్గదు. అతడు తన లాభము కొరకు తట్టెనా, తోటివాని కొరకు తట్టెనా అని లెక్కరి విచారించి వ్రాయవలెను. ఒకే దెబ్బ, ఒకే ఔటు; ఉద్దేశమునుబట్టి లెక్క మారుచున్నది.

ఇందులో పెద్దలకు ఒక పాఠమున్నది. త్యాగము చేయుమని మేనేజరు సైగ చేయవచ్చును. కాని ఔటగువాడు మేనేజరు కాడు. గనుక ఇతరులను త్యాగమడుగువాడు ఆ కోరికను స్పష్టముగా చెప్పవలెను. చేసినవాని పేరును మరువక వ్రాయవలెను. దానిని అతని లోపముగా ఎంచరాదు. ‘జట్టు మేలు కొరకు’ అని చెప్పి ఒకనిని వెనుకకు నిలిపి, తరువాత ‘వాడు వెనుకబడినవాడు’ అనుట అన్యాయము. పెద్దకొడుకును బడి మాన్పించి కూలికి పంపి, తమ్మునిని చదివించిన కుటుంబములను మీరెరుగుదురు. తమ్ముడు ఉద్యోగస్థుడైన పిమ్మట అన్నను చదువురానివాడని చులకన చేసిన ఇల్లు లెక్క తప్పిన ఇల్లు. ఆ అన్న చేసినది ఔటు కాదు, శాక్రిఫైస్.

మూడవది, ఎవరిని విడువకుండుట. ఆట ముగిసిన తరువాత లెక్క సరియైనదో కాదో పరీక్షించుటకు ఒక సూత్రమున్నది. బ్యాటు పట్టి వంతు ముగించిన ప్రతివాడు మూడు గుంపులలో ఒకదానిలో ఉండవలెను: ఇల్లు చేరినవారు, ఔటైనవారు, బేసులమీద మిగిలిపోయినవారు. ఈ మూడు కూడిన మొత్తము బ్యాటు పట్టినవారి మొత్తమునకు సరిపోవలెను. సరిపోనియెడల లెక్కరి ఎవనినో మరచెనన్నమాట. మూడవ గుంపును గమనింపుడి. వారు బాగుగనే కొట్టిరి, పరుగెత్తిరి, ఇంటికి దగ్గరగా వచ్చిరి; వంతు ముగియుటచేత చేరలేకపోయిరి. గెలుపు లెక్కలో వారు లేరు. అయినను వారిని విడిచినచో లెక్క కుదరదు. నెచ్చాయ్ వంటివారు, మేయర్ వంటివారు ఆ గుంపువారు. వారు లేకుండ ఆ జట్టు చరిత్ర కూడిక కుదరదు.

కాబట్టి నా జవాబు ఇది. ఓడిన యేటి విలువ తరువాతి పంటలో లేదు, ఆ యేట నమ్మకముగా చేయబడిన పనిలోనే ఉన్నది. పంట వచ్చిన యెడల సంతోషింతము. అది పనికి కూలి కాదు, పనిపైన కలిగిన దయ. పంట రానియెడల దుఃఖింతము; కాని పనిని నిందింపము. పంట కోసినవారు మాత్రము విత్తినవారి లెక్క చెప్పుటకు బద్ధులు. అది ఉపకారము కాదు, అప్పు.

ప్రియ చదువరులారా, ఇప్పుడు మీ లెక్కను మీరే చూచుకొనుడి. మీలో కొందరికి ఇది 1952వ సంవత్సరము వంటి కాలమై యుండవచ్చును. బావి త్రవ్వితిరి, నీరు పడలేదు. బిడ్డను ఓర్పుతో దిద్దితిరి, బిడ్డ మారలేదు. రాత్రిబడి పెట్టితిరి, ముగ్గురే వచ్చిరి. ఆ ముగ్గురికి నిజముగా పాఠము చెప్పితిరా? అట్లయిన ఆ రాత్రి వ్యర్థము కాలేదు, రేపు ముప్పదిమంది వచ్చినను రాకపోయినను. అయితే ‘ఇది కట్టుకొను కాలము’ అను మాట వెనుక సోమరితనమును దాచుకొనుచుంటిరా? అట్లయిన ఆ గురుతును కూడ గడిలో వ్రాసికొనుడి.

మీలో కొందరికి ఇది 1960 వంటి కాలమై యుండవచ్చును. ఇల్లు నిండెను, పిల్లలు స్థిరపడిరి, ఊరిలో పేరు వచ్చెను. మీకు ముందు ఆ చేనిలో పాటుపడి, ఏమియు చూడక దాటిపోయినవారి పేర్లు మీ బిడ్డలకు తెలియునా? పునాదిరాళ్లు మోసినవారి సంగతి ఎన్నడైనను వారితో చెప్పితిరా? బ్రతికియున్నవారైన యెడల, ఈ వారములోనే వారి గడపకు పోయి ఆ మాట చెప్పుడి. అంకె 1ను తీసివేయుటకు పిట్స్‌బర్గువారు గెలుపు కొరకు కనిపెట్టలేదు. మేయర్ బ్రతికియుండగనే ఆ పని చేసిరి.

మనలో ప్రతివాని పేరు ఇప్పటికే అచ్చుపడినది, ఒకే కొలత అక్షరములతో. ప్రక్కనున్న గళ్లు మాత్రము ఇంకను నిండలేదు. ఎవడు గెలుచునో మనకు చెప్పబడలేదు. మన వంతు వచ్చినప్పుడు నిలిచి, వచ్చిన బంతిని సరిగా చూచి, పూర్ణబలముతో ఆడుటయే మనకు అప్పగింపబడినది.